మిలిట్రీ జనరేటర్‌కు రెండో బ్యాటరీ

మా వీధిలో ఒక కుక్క ఉంది. గుమ్మం ముందు చెప్పులు విడిస్తే జతలో ఒకదాన్నే ఎత్తుకుపోతుంది. రెండూ పట్టుకుపోతే పోయాయని సరిపెట్టుకుని కొత్తవి కొనుక్కుంటాను. ఇది ఒకటి వదిలి నన్ను ఆశలో ఉంచుతుంది. ఇప్పటికి మూడు ఒంటి చెప్పులు దాచాను, అన్నీ ఎడమకాలివే.

ఇక కిందటేడు ఏప్రిల్ సంగతి. కరీంనగర్ బైపాస్ పక్కన నాకొక షెడ్డుంది. సైన్యం వాడి వదిలించుకున్న ట్రక్కులు, జనరేటర్లు వేలంలో కొని, బాగుచేసి అమ్ముతాను. మా వాళ్లు వీటిని డిస్పోజల్ సామాను అంటారు. ఫిజిక్స్‌లో డిగ్రీ చేసినవాడు చేయదగ్గ పనేనని మా బాపును పదేళ్లుగా ఒప్పిస్తున్నాను. ఇక్కడి జనానికి ‘మిలిట్రీ’ అన్న మాట మీద గొప్ప నమ్మకం. మిలిట్రీది చెడిపోదు, కాబట్టి ఆయిల్ మార్చక్కర్లేదు, రేడియేటర్‌లో నీళ్లు చూడక్కర్లేదు. నా షెడ్డు నడిచేది ఈ నమ్మకం మీదే.

ఆ పొద్దున పది గంటలకు మార్తమ్మ ఫోన్ చేసింది. మందమర్రి అవతల చిన్న హేచరీ నడుపుతుంది. నాటుకోడి గుడ్లను మెషిన్‌లో పొదిగించి పిల్లలను అమ్మే పని. భర్త మస్కట్‌లో. జనరేటర్ నా దగ్గర కొన్నదే.

“సారూ, మీ మిలిట్రీ లేస్తలేదు. ట్రాన్స్‌ఫార్మర్ కాలింది, పొద్దుమీకి దాంక కరెంటు రాదట. గుడ్లు ఇరవయ్యో దినంల ఉన్నయ్.”

ఇరవై ఒకటో రోజున పిల్ల బయటికి రావాలి. ఆ దశలో గుడ్లు సొంతంగా వేడి పుట్టిస్తాయి. ఫ్యాన్లు ఆగితే ఆ వేడికే పిల్లలు లోపల ఉక్కిరిబిక్కిరై చచ్చిపోతాయి.

“డీజిల్ ఉన్నదా?”

“ఉన్నది.”

“బ్యాటరీ ఉన్నదా?”

“ఉన్నది సారూ.”

“వైర్లు గట్టిగ ఉన్నయా?”

“గట్టిగనే ఉన్నయ్. మా ఏసుదాసు మొన్ననే బిగిచ్చిండు.”

ఈ చివరి మాట దగ్గర నేను ఆగాల్సింది. ఆగలేదు. మెషిన్ తలుపులు తీసి విసురుతూ ఉండమన్నాను. ఇంజన్‌ను మొదట తిప్పే సెల్ఫ్ మోటారే పోయిందని తీర్మానించి, ఇంకోటి వేసుకుని నా సొంత డిస్పోజల్ ట్రక్కులో బయలుదేరాను. వేగం నలభై దాటితే ఆ ట్రక్కుకు నచ్చదు.

చేరేసరికి ఒంటిగంట. ఎండ నెత్తి మాడుస్తోంది. మార్తమ్మ, పనివాళ్లిద్దరూ అట్టముక్కలతో విసురుతున్నారు. ఆమె ఒక గుడ్డు నా చెవికి ఆనించింది. “ఇనుండ్రి.” లోపల పిల్ల గోకుతోంది. చప్పుడు చాలా నీరసంగా ఉంది.

జనరేటర్ మూత తీశాను. సైన్యం ఇంజన్లు ఇరవై నాలుగు వోల్టులవి. పన్నెండు వోల్టుల బ్యాటరీలు రెండు వరసగా కలిపితేనే సెల్ఫ్ తిరుగుతుంది. మూత కింద ఒకే బ్యాటరీ ఉంది. రెండోదాని ఖాళీలో వైర్ల కొసలు రెండూ కలిపి కట్టుతీగ చుట్టి ఉంది, నిజంగానే చాలా గట్టిగా.

“ఇంకోటేది?”

“మా మరిది ఏసుదాసు ట్రాక్టర్‌కు పెట్టుకున్నడు. ‘ఒక్క ఇంజన్‌కు రెండెందుకు వదినా, యుద్ధం కోసం ఎక్స్‌ట్రా ఇచ్చుంటరు’ అన్నడు.”

“ఏడి ఆయన?”

“ట్రాక్టర్ల మక్కలేసుకొని లక్సెట్టిపేట మార్కెట్‌కు పోయిండు.”

బ్యాటరీ ఉన్నదా అని అడిగాను, ఉన్నదంది. ఆమె అబద్ధమేమీ చెప్పలేదు. నాతో వచ్చిన సెల్ఫ్ మోటార్ ట్రక్కులో హాయిగా పడుకుని ఉంది.

ఆ ట్రక్కుకూ రెండు బ్యాటరీలే. ఒకటి విప్పి, జనరేటర్‌లో కట్టుతీగ తీసేసి పెట్టాను. ఇంజన్ నల్లటి పొగ కక్కి అందుకుంది. ఫ్యాన్లు తిరిగాయి. మార్తమ్మ మెషిన్ థర్మామీటర్ ముందు పది నిమిషాలు కదలకుండా నిలబడి, తర్వాతే నాకు మంచినీళ్లిచ్చింది. నేను నా బ్యాటరీ కోసం పానా పట్టుకున్నాను.

“ముట్టకుండ్రి.”

“నడిచే ఇంజన్‌కు దాంతోని పని లేదమ్మా. నేను పోవాలె.”

“మళ్ల ఆగితే?”

పానా కింద పెట్టాను. స్టార్ట్ కాని ట్రక్కు నీడలో సాయంత్రం దాకా కూర్చున్నాను.

కరెంటొచ్చాక ఏసుదాసు వచ్చాడు. ట్రాక్టర్ ఇంజన్ ఆపకుండానే దిగాడు. “ఆపితే మళ్ల లేస్తదో లేదో సారూ, పాత బ్యాటరీ గిట్లనే పరేషాన్ చేసింది.” నేను వోల్టేజీ, సిరీస్ కనెక్షన్ అంటూ ఇరవై నిమిషాలు చెప్పాను. చేతులు కట్టుకుని, జబ్బుమనిషిని చూసినట్టు చూస్తూ విన్నాడు.

చివరికి అడిగాను. “టార్చిలైట్ల రెండు సెల్లులేస్తవు గదా. ఒకటి తీస్తే?”

“ఎలగది.”

“గిదీ గంతే.”

“ఓ, గంతేనా!” అర నిమిషంలో బ్యాటరీ విప్పి తెచ్చాడు.

అప్పటి నుంచి నేను అమ్మే ప్రతి జనరేటర్ మూత మీద ‘బ్యాటరీలు రెండు, రెండూ దీనివే’ అని ఎర్ర రంగుతో రాయిస్తున్నాను. ఫోన్ చేసినవాళ్లను బ్యాటరీ ఉన్నదా అని అడగను, ఎన్ని ఉన్నాయని అడుగుతాను. ఈ తెలివి నా సొంతమని చెప్పుకోవాలని ఉంటుంది. కానీ ఆ సాయంత్రం నా బ్యాటరీ ట్రక్కులో బిగిస్తుంటే మార్తమ్మ గుడ్ల ట్రే పట్టుకుని పక్కన నిలబడింది. ఒక పెంకులోంచి తడి ముక్కు అప్పుడే బయటికొచ్చింది. ఆమె దాన్ని చూసి, నన్ను చూసింది.

“గీ టార్చిలైట్ ముచ్చట అమ్మిననాడే చెప్తే మీ నోరేమన్న అరిగిపోతుండెనా సారూ?”