నవ్వకూడని ఉద్యోగం

ఆడపిల్లల హాస్టలుకు వార్డెనుగా ఉన్న రోజుల్లో ఆవిడ కన్నెర్రజేస్తే, పొంగబోయే పాలు కూడా బుద్ధిగా గిన్నె అడుక్కి దిగిపోయేవట. పిల్లలు పెట్టిన పేరు గంటుమొహం. రిటైరయ్యాక ఆ మొహానికే ఉద్యోగం దొరికింది.

నలుగురిలోకి వెళ్తే చాలు గుండె దడదడలాడి, ఊపిరాడక, ప్రాణం పోతుందేమో అనిపించే జబ్బుకు, నిమిషాల్లో పనిచేసే ముక్కు మందును ఓ ఆస్పత్రిలో పరీక్షిస్తున్నారు. వచ్చినవాళ్ల ముక్కులో మందో, వట్టి నీళ్లో కొడతారు. ఏది కొట్టారో కొట్టినవాళ్లకూ తెలియదు. కాసేపాగి ముగ్గురి ముందు నిలబెట్టి ఐదు నిమిషాలు మాట్లాడమంటారు. ఆ ముగ్గురూ నవ్వకూడదు, తల ఊపకూడదు. మధ్య కుర్చీ ఆవిడది.

"మీరు గానీ నవ్వారంటే, వాళ్లకి ధైర్యాన్ని మందు ఇచ్చిందో మీరిచ్చారో తేలదమ్మా," అంది డాక్టరమ్మ మొదటిరోజే.

"నా పెళ్లి ఫొటోలోనే నవ్వలేదులే," అంది ఆవిడ.

ఇంట్లో కూతురికీ అదే జబ్బు. ఓసారి బస్సులో ప్రాణం మీదికొచ్చినప్పటి నుంచి పిల్ల గుమ్మం దాటలేదు. మంచి మందు వస్తే బయటపడుతుంది. ఉత్తుత్తి మందుకు మంచి పేరొస్తే? అందుకే ఆవిడ పెదవి బిగించి కూర్చునేది.

ఆ రోజు క్రేను నడిపే ఆయన రెండోసారి వచ్చాడు. ఆకాశంలో కూర్చోవడానికి బెదరడు గానీ నలుగురి ముందు నోరు విప్పాలంటే వణుకు. కిందటిసారి ఒక చెప్పు వదిలేసి మరీ పారిపోయాడు. ఇవాళా నాలుక తడబడింది. ఒక్కసారి తల ఊపితే నిలదొక్కుకునేవాడే. ఆవిడ మెడ కర్రలా బిగించింది.

అతను కళ్లు మూసుకుని అందుకున్నాడు. "ఓసారి నా కొక్కేనికి మబ్బు తగులుకుందండీ. దించితే మేస్త్రీ చూసుకోకుండా సిమెంట్లో కలిపేశాడు. ఆ మేడలో ఇప్పటికీ ఎండాకాలం కూడా గొడుగేసుకునే పడుకుంటారండీ!"

ఆవిడ బుగ్గ లోపల కొరుక్కుంది. అతను ఐదు నిమిషాలూ నిలబడ్డాడు. గంట మోగాక ఆవిడ వరండాలోకి వెళ్లి గోడ పట్టుకుని నవ్వాపుకోలేక ఊగిపోతుంటే, ఏడుస్తోందనుకుని డాక్టరమ్మ నీళ్లు పట్టుకుని పరిగెత్తుకొచ్చింది.

"అయితే మందు పనిచేసినట్టేనా?" ఇంటికి రాగానే కూతురు అడిగింది.

"ఏమోనే. ఒకసారి మందు, ఒకసారి నీళ్లు. ఏది ఎప్పుడో చివర్న గానీ చెప్పరు. కానీ పారిపోయినవాడు తిరిగొచ్చాడు చూడు."

మబ్బు కథ విని కూతురు పడీపడీ నవ్వింది. తర్వాత నెమ్మదిగా అంది. "నేనూ పేరిస్తానమ్మా. మధ్య కుర్చీలో మాత్రం నువ్వుండకూడదు. నీ మొహం చూస్తే నాకు భయమెక్కడేస్తుంది?"

"ఆస్పత్రి దూరమే తల్లీ."

"బస్సొద్దు, నడిచెళ్దాం. దారిపొడుగునా మేస్త్రీ కథలు చెప్పాలి."

"నాకొచ్చింది ఒక్కటేనే!"

"మిగతావి కల్పించు," అంటూ కూతురు తలుపు పక్కన చెప్పుల కోసం వెతకసాగింది.