ఇల్లు ఖాళీ చేశాక ఒడిబియ్యం: జడ్చర్ల నుంచి నల్గొండ దాకా

మేము ఇల్లు ఖాళీ చేసి నాలుగు నెలలయింది. ఒక ఇల్లు వదిలి ఇంకో ఇంటికి మారడం కాదు, అసలు ఇల్లే వద్దనుకున్నాం. హైదరాబాద్‌లో ఓనరు ఖాళీ చేయమన్నప్పుడు సామాను సర్దుతుంటే, కిందటిసారి ఇల్లు మారినప్పుడు కట్టిన అట్టపెట్టెలు ఇంకా విప్పకుండానే అటక మీద దొరికాయి. వాటిలో ఏముందో ఇద్దరికీ గుర్తు లేదు. గుర్తే లేని సామానుకు కూడా కిరాయి కడుతున్నామని మా ఆయన నవ్వాడు. నాకు మాత్రం ఒళ్లు మండింది. మా ఇద్దరి పనీ ల్యాప్‌టాప్ మీదే, పిల్లలు లేరు, ఇంకెవరి కోసం ఈ మోత అనుకుని ఫ్రిజ్ నుంచి చారు గిన్నె దాకా అన్నీ తెలిసినవాళ్లకు పంచేశాం. తలా ఒక బ్యాగు మిగిలింది. నెలకో ఊళ్లో గది తీసుకుని ఉంటున్నాం. నిర్ణయం నాదే, ఆయన సరేనన్నాడు. ఈ సంగతి చెప్పనిది మా అన్నకు ఒక్కడికే.

అమ్మ, బాపు పోయాక నాకు పుట్టిల్లంటే జడ్చర్ల దగ్గర పల్లెలో ఉన్న అన్న, వదినే. ఫోన్‌లో చెబితే కంగారుపడతాడు, ఎదురుగా కూర్చుని చెబుదామనే మొన్న వెళ్లాం. వెళ్లేసరికి వాకిట్లో ముగ్గు, ఇంట్లో పీటలు, చుట్టుపక్కల ఆడవాళ్లు. ఒడిబియ్యం పోసి ఐదేళ్లయిందని వదినె మాకు చెప్పకుండానే అన్నీ సిద్ధం చేసింది. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. పెళ్లయిన ఆడబిడ్డకు పుట్టింటివాళ్లు పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, రవిక గుడ్డ కొంగులో పోసి పంపుతారు. ఆమె వాటిని తన ఇంటికి తీసుకెళ్లి, తన పొయ్యి మీద వండి నలుగురికి పెట్టాలి. అంటే, ముందుగా ఒక ఇల్లుండాలి. పీట మీద కూర్చున్నాను, వదినె దోసిళ్లతో పోస్తోంది, చెప్పాల్సింది చెప్పకుండానే కొంగు పట్టాను.

మర్నాడు పొద్దున ఏడున్నరకు ఊరి నుంచి ఆటో ఎక్కాం. జడ్చర్ల బస్టాండు దాకా మనిషికి ముప్పై రూపాయలు. వదినె మూటను నా ఒళ్లో పెడుతూ, "నడుమ ఎవ్వలింట్ల దించకు. సక్కగ మీ ఇంటికి పోయి దేవుని కాడ పెట్టుకో. ఐతారం మేమిద్దరం వస్తం, వండి పెట్టు," అంది. ఆదివారం రాక గురించి అన్న మా ఆయన చెయ్యి పట్టుకుని, "బస్టాపు కాడికి వస్తవా బావా, మేమే రావాల్నా?" అని అడిగాడు. మా ఆయన నా వైపు చూశాడు. నేను మూట ముడి బిగించుకుంటున్నట్టు తల దించుకున్నాను. ఆటో కదిలిందో లేదో డ్రైవరు అద్దంలోంచి, "ఒడిబియ్యమా అక్కా? ఏ ఊరు మీది?" అన్నాడు. "హైదరాబాద్" అన్నాను. "హైదరాబాద్‌ల యాడ?" అన్నాడు. పాత కాలనీ పేరు చెప్పేశాను. పొద్దున్నే మొదలైన అబద్ధం ఎక్కడిదాకా పోతుందో అనుకున్నాను.

ఈ నెల మా మకాం నల్గొండ. జడ్చర్ల నుంచి నల్గొండకు వెళ్లాలనుకునేవాళ్లు నేరుగా వెళ్లే బస్సు కోసం చూస్తూ కూర్చోవద్దు. కల్వకుర్తి బస్సు ఎక్కి, అక్కడ దేవరకొండ బస్సు, ఆ తర్వాత నల్గొండ బస్సు పట్టుకోవడం సులువు. పొద్దున బయల్దేరితే మధ్యాహ్నం భోజనం దేవరకొండలో అవుతుంది. ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ఆధార్ చూపిస్తే చార్జీ లేదు. మా ఆయనకు మొత్తం దారికి రెండు వందల పైచిలుకు అయింది. నా కార్డు మీద ఇంకా పాత ఇంటి నంబరే ఉంది. కండక్టరు దాన్ని చూడనైనా చూడలేదు, అయినా కార్డు తిరిగి చేతికి వచ్చేదాకా దొంగలా బిక్కుబిక్కుమంటూ కూర్చున్నాను.

కల్వకుర్తి బస్సులో నా పక్క సీట్లో బాలమ్మ అనే పెద్దావిడ కూర్చుంది. మూటకు అంటిన పసుపు చూడగానే ఆమె మొహం విప్పారింది. "మా తల్లిగారోళ్లు నాకు పుణె దిక్కు గుడిసెల ఉన్నప్పుడు పోసిండ్రు బిడ్డా. మట్టి పనికి పోతిమి గదా, ఏండ్లకేండ్లు ఆడనే," అంది. ఇప్పుడు ఊళ్లో సొంత ఇంటికి స్లాబు పడబోతోందట, ఇనుప కడ్డీల బేరం చేయడానికి కల్వకుర్తి పోతోందట. ఆమెతో అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. ఇల్లు వదిలేశామని చెప్పాను.

"కిరాయి కట్టలేకనా?"

"కాదు. తేలిగ్గా ఉంటుందని."

ఆమె నన్ను, మా ఆయన్ను, పైన రెండు బ్యాగుల్ని చూసింది. వేళాకోళం ఏమీ లేదు ఆ చూపులో, నిజంగానే అర్థం కాలేదు ఆమెకు. "మేం ఇంటి కోసమని ఊర్లు తిరిగినం. మీరు ఉన్నది ఇడిసిపెట్టి తిరుగుతుండ్రా?" అంది. మూట వైపు చూపించి, "మరి గా బియ్యం యాడ వండుతవు?" అని అడిగింది. పొద్దుటి నుంచి నాకు నేను వేసుకోకుండా తప్పించుకుంటున్న ప్రశ్న అదే. తెలియదన్నాను. ఆమె నా మోకాలి మీద చెయ్యేసి కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. కల్వకుర్తిలో దిగేటప్పుడు, "పురుగు పట్టకముందే వండు," అని మాత్రం చెప్పింది.

దేవరకొండలో బస్టాండు ఎదురుగా చిన్న మెస్సులో తిన్నాం. భోజనం వంద, పప్పు, వంకాయ, మజ్జిగ బాగున్నాయి. నా విస్తరిలో వంకాయ మా ఆయన వైపు జరిపాను. మా ఆయన మెల్లగా, "నల్గొండలో ఒక నెలకు ఇల్లు తీసుకుందామా? ఐతారం గడిచాక చూద్దాం," అన్నాడు. ఒక్క పూట వంట కోసం అడ్వాన్సు, గ్యాసు పొయ్యి, గిన్నెలు, మళ్లీ అటక. వద్దనడానికి నాకు ధైర్యం లేదు, సరేననడానికి మనసొప్పలేదు. నీ ఇష్టమన్నాను. నేను నీ ఇష్టం అన్నానంటే భయపడ్డానని ఆయనకు తెలుసు.

నాలుగింటికి నల్గొండ చేరాం. క్లాక్ టవర్ దగ్గర రోజుకు ఎనిమిది వందల గది ముందే మాట్లాడుకున్నాం. మేనేజరు మూట చూసి, "గదిల వంట ఒద్దమ్మా, ఓనర్ ఒప్పుకోడు. వండుకునేటోళ్లు చెరువుగట్టు గుడి కాడికి పోతరు," అన్నాడు. మూటను మంచం మీద పెట్టాలా కుర్చీలో పెట్టాలా తేలక, చివరకు తెల్ల తువ్వాలు పరిచి అల్మరాలో పెట్టాను. తలుపు వేయగానే ఏడుపొచ్చింది. ఇక ఆగలేక అన్నకు ఫోన్ చేశాను.

"అన్నా, ఐతారం హైదరాబాద్ రావొద్దు. ఆడ మాకు ఇల్లు లేదు. ఖాళీ చేసి నాలుగు నెలలైంది."

"అప్పులైనయా?"

"లేదు."

"బావ నౌకరి పోయిందా?"

"అదేం లేదన్నా. మేమే వద్దనుకున్నం. ఎక్కడ గది దొరికితే అక్కడ ఉంటున్నం."

కోపమొచ్చిందా అని అడిగాను.

"కోపం కాదే. నీకు పానం బాగలేదని ఎవలన్న ఫోన్ జేస్తే నేను ఏడికి ఉరకాలె? ఇన్నేండ్లు నీ ఇల్లు ఎటు దిక్కున్నదో కండ్లు మూసుకున్నా నాకు ఎర్క. ఇప్పుడు నేను ఏ బస్సెక్కాలె?"

ఇల్లు వదిలేటప్పుడు కిరాయి, కరెంటు, సామాను అన్నీ లెక్కలోకి తీసుకున్నాం. మా అన్న ఆ ఇంటి దారిని మనసులో పెట్టుకుని నిశ్చింతగా నిద్రపోతున్నాడన్న సంగతి మాత్రం నాకు తట్టలేదు. తోచింది ఒక్కటే. "ఐతారం చెరువుగట్టుకు రా అన్నా. ఆడనే వండుత," అన్నాను. అటు పక్క వదినెతో ఏదో మాట్లాడాడు. మాటలు వినపడలేదు, ఆమె గొంతు హెచ్చడం తెలిసింది. చెవికి ఫోన్ అదిమి పట్టుకుని నిలబడ్డాను. ఇక రమ్మనరేమో, మళ్లీ ఎన్నడూ పీట వేయరేమో అనిపించింది. తర్వాత అన్న మళ్లీ ఫోన్‌లోకి వచ్చాడు. "వస్తం. వండనీకి గంజు మేం తెస్తం. నీకు గంజు గూడ లేదు గదా."

ఆదివారం నల్గొండ నుంచి నార్కట్‌పల్లి దారిలో అరగంట బస్సు ప్రయాణం చేసి గట్టు కింద దిగాం. మొక్కు తీర్చుకోవడానికి వచ్చిన కుటుంబాల పొయ్యిల మధ్య మేమూ మూడు రాళ్లు పెట్టుకున్నాం. అన్నం కొంచెం మాడింది. పక్క పొయ్యి వాళ్లకు కూడా పెట్టాం. అన్న రెండోసారి అడిగి వడ్డించుకున్నాడు గానీ, మేము చేసింది మంచి పని అని మాత్రం అనలేదు. వదినె ఇంకా ముభావంగానే ఉంది. ఇల్లు లేకపోతే బతుకు తేలికవుతుందని ఈ బ్లాగులో చాలాసార్లు రాశాను, ఇప్పటికీ కాదనను. కానీ మనం దించుకున్న బరువు ఒక్కోసారి మనల్ని ప్రేమించేవాళ్ల నెత్తిన పడుతుంది. ఆ భయం నాకు పోలేదు, పోవాలని కూడా కోరుకోవడం లేదు.

మాలా బయల్దేరాలనుకునేవాళ్లకు ఒక్కటే చెబుతాను. తాళంచెవి ఓనరు చేతిలో పెట్టకముందే, మీకేమైనా అయితే పరుగెత్తుకొచ్చే మనిషెవరో ఆ మనిషికి చెప్పండి. ఆ తర్వాత ఊరు మారిన ప్రతిసారీ చెబుతూ ఉండండి. నేనిప్పుడు గది దొరకగానే అన్నకు ఫోన్ చేస్తున్నాను. గది ఎలా ఉందని అడగడు. ఊరి పేరు విని, బస్సు ఎక్కడ దిగాలో కనుక్కుని ఫోన్ పెట్టేస్తాడు.