చివరి నలభై గజాలు

పోయిన నెల మా వీధి చివరి బడివాళ్ళు ఆటల పోటీల బహుమతులు ఇవ్వడానికి నన్ను పిలిచారు. రిటైరైన టీచర్లకు ఇలాంటి మర్యాదలు అప్పుడప్పుడూ జరుగుతుంటాయి. ఒక శాలువా కప్పి, ఎండ సరిగ్గా ముఖాన కొట్టే చోట కుర్చీ వేసి, రెండు గంటలు కూర్చోబెడతారు. నేను కప్పులు అందిస్తూ ఫొటోలకు నవ్వుతూ ఉంటే, దూరంగా నీళ్ళ ట్యాంకు దగ్గర ఒక పిల్ల కనిపించింది. పరుగుపందెంలో వెనకబడిపోయిన పిల్ల. ముఖం కడుక్కుంటోంది. కడిగిన ముఖాన్నే మళ్ళీ మళ్ళీ కడుక్కుంటోంది, చూసినవాళ్ళు ఆ తడంతా కుళాయిదే అనుకోవాలని. ఆ ఉపాయం నాకు తెలుసు. అంతకంటే పెద్ద ఉపాయం కూడా ఒకటి తెలుసు. ఇంటికొచ్చి శాలువా మడిచి బీరువాలో పెడుతుంటే మా అత్త గుర్తొచ్చి, బీరువా తలుపు పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

అత్త అంటే మా నాయనకు అక్క. పెళ్ళైన మూడో ఏడే భర్త పోతే చిత్తూరులో మా ఇంటికి వచ్చేసింది. ఏడుస్తూ ఓ మూల కూర్చుంటుందని అందరూ అనుకుంటే, ఆగిపోయిన చదువు ముగించి, శిక్షణ కూడా పూర్తిచేసి, ఊళ్ళోని ఆడపిల్లల హైస్కూల్లో డ్రిల్లు టీచరుగా చేరింది. ఇదంతా నేను పుట్టకముందు మాట. నాకు ఊహ తెలిసేసరికి ఆమె చీర కింద తెల్ల కాన్వాసు బూట్లు, బొడ్లో విజిలు ఉండేవి. వీధిలోవాళ్ళు ఎదురుగా టీచరమ్మ అనీ, చాటుగా బూట్లమ్మ అనీ పిలిచేవాళ్ళు. ఆ విజిలు మోగిందంటే కుళాయి దగ్గర పళ్ళు తోముకునే మగవాళ్ళు కూడా నిటారుగా నిలబడేవారని మా జేజి, అంటే నాయనమ్మ, చెప్పి నవ్వేది. ఇంత చేసీ అత్త తాను మాత్రం ఒక్క పందెంలోనూ పరిగెత్తలేదు. ఆమె చిన్నతనంలో ఆడపిల్ల పరిగెత్తుతోందంటే వెనక ఏ ఎద్దో తరుముతోందనే అర్థం. పరుగు గురించి ఆమెకు తెలిసినదంతా పుస్తకాల్లో చదివిందీ, పిల్లల కాళ్ళను చూసి నేర్చుకున్నదీ.

నేను ఆ బడిలోనే ఎనిమిదో తరగతిలో ఉండగా నన్ను ఎనిమిది వందల మీటర్ల పరుగుకు ఎంచుకుంది. అంటే మైదానం చుట్టూ రెండు చుట్లు. రోజూ తెలతెలవారుతుండగా లేపి తీసుకుపోయేది. మామిడికాయల కాలంలో మండీకి పోయే లారీలతో రోడ్డంతా తియ్యటి పులిసిన వాసన వేసేది. వర్షాకాలంలో బురద. నేను పరిగెత్తినంతసేపూ బడి నుంచి తెచ్చిన స్టాప్‌వాచీని రెండు చేతులతో పట్టుకుని నిలబడేది, జారి పడితే హెడ్మిస్ట్రెస్‌కు జవాబు చెప్పుకోవాలని. పరుగయ్యాక గుప్పెడు చెనిక్కాయలు, ఒక బెల్లం ముక్క పెట్టేది. పావడతో పరిగెత్తితే కాళ్ళకు అడ్డం పడుతోందని తనే ఓ లాగు కుట్టింది. దాన్ని చూసి జేజి "ఇది లాగా, గోనెసంచా?" అని అడిగింది. బూట్లు కొన్నప్పుడు మాత్రం అత్తలోని టీచరు ఓడిపోయి, అత్తలోని ఇల్లాలు గెలిచింది. వచ్చే ఏడు కూడా పనికొస్తాయని ఒక సైజు పెద్దవి తీసుకుని, వేళ్ళ దగ్గర దూది కూరింది.

ఆమె నాకు నేర్పిన పాఠం ఒకటే. "మొదటి సుట్టు నీది కాదు పాపా. ఎవురికి కావాలంటే వాళ్లకు ఇడిసెయ్. రెండో సుట్టే నీది" అనేది. రోజూ అదే మాట.

మా బడి నుంచి అప్పటిదాకా ఏ ఆడపిల్లా రాష్ట్ర పోటీలకు వెళ్ళలేదు. స్టాఫ్‌రూములో తోటి టీచర్లు ఆ మాట ఎత్తి అత్తను ఆటపట్టించేవాళ్ళు. ఆమె కూడా నవ్వేసేది, కానీ ఆ సాయంత్రం నాతో ఇంకో చుట్టు ఎక్కువ వేయించేది. నేను పదో తరగతికి వచ్చిన ఏడు జిల్లా పోటీలు తిరుపతిలో పెట్టారు. మొదట వచ్చిన ఇద్దరు రాష్ట్రానికి వెళతారు. పదితో ఈ పరుగులు చాలించాలని నాయన ముందే చెప్పాడు. రాష్ట్రానికి ఎంపికైతే మాత్రం కాలేజీలో కూడా పరిగెత్తనిస్తానని అత్తకు మాటిచ్చాడు. అందువల్ల ఆ పందెం మా ఇద్దరిదీ.

తిరుపతిలో ఆ మైదానం నుంచి చూస్తే కొండ చాలా దగ్గరగా కనిపిస్తుంది. చలికాలపు పొద్దు, సున్నంతో గీసిన గీతలు, చుట్టూ ఎన్నడూ చూడనంత జనం. నా పక్కన పలమనేరు వైపు నుంచి వచ్చిన ఒక పిల్ల ఉత్త కాళ్ళతో నిలబడి ఉంది. ఆమె కాళ్ళను చూసి, నా తెల్లబూట్లను చూసుకుని, నేను అప్పుడే గెలిచేశాను. తుపాకీ పేలగానే ముందుకు దూసుకుపోయాను. జనం చప్పట్లు కొట్టారు. ఎవరో నా చొక్కా రంగు పట్టుకుని "నీలం పాప, నీలం పాప" అని అరిచారు. అత్త గీత దగ్గర నిలబడి, అరచెయ్యి కిందికి ఊపుతూ తగ్గు తగ్గు అంటోంది. చూశాను. చూసీ తగ్గలేదు. అన్ని కళ్ళూ నా మీదే ఉండటం ఎంత బాగుంటుందో నాకు అప్పటిదాకా తెలియదు.

రెండో చుట్టు సగంలో నా కాళ్ళు నావి కాకుండా పోయాయి. ఉత్తకాళ్ళ పిల్ల నన్ను దాటింది. తర్వాత ఇంకొకరు, ఆ వెనకే మరొకరు. ఇంకా నలభై గజాలు ఉంది. ఇందాక నన్ను పిలిచిన గొంతులే ఇప్పుడు వేరే రంగులను పిలుస్తున్నాయి. అప్పుడు నేను పడిపోయాను. చీలమండ పట్టుకుని గట్టిగా ఏడ్చాను. కాలు మడతపడలేదు. నేనే మడిచాను.

ఆ క్షణంలో ఎంత హాయి వేసిందో ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. ఓడిపోయిన పిల్ల పోయి, దెబ్బ తగిలిన పిల్ల వచ్చింది. అందరూ అయ్యో అన్నారు. నీళ్ళు తెచ్చారు. ఎన్నడూ పరిగెత్తని మా అత్త, చీర కుచ్చిళ్ళు పైకి పట్టుకుని మైదానానికి అడ్డంగా పరిగెత్తుకుంటూ వచ్చింది. తిరుగు బస్సులో చంద్రగిరి నుంచి పూతలపట్టు దాకా నా కాలు ఆమె ఒళ్ళోనే ఉంది. తడిగుడ్డ మార్చిన ప్రతిసారీ "నొస్తా ఉండాదా పాపా?" అని అడిగింది. ప్రతిసారీ "ఊఁ" అన్నాను.

అంతటితో పోలేదు. అత్త నన్ను పుత్తూరు కట్టుకు తీసుకుపోయింది. కట్టు కట్టే పెద్దాయన నా చీలమండను నాలుగు వైపులా నొక్కి, నా ముఖంలోకి ఒకసారి చూసి, "ఎముకకేమీ కాలేదమ్మా" అన్నాడు. అత్త నమ్మలేదు. ఆమె తృప్తి కోసం ఆయన కట్టు కట్టాడు. ఇరవై రోజులు కుంటాను. ఒకరోజు మరిచిపోయి రెండో కాలితో కుంటాను కూడా. ఎవరూ గమనించలేదు.

ఒక సాయంత్రం అత్త నాయనతో మాట్లాడుతుంటే తలుపు వెనక నుంచి విన్నాను. "ఒక సైజు పెద్ద బూట్లు తీసిచ్చింది నేనేరా. బిడ్డ కాలు పోయుంటే నీకేమని జవాబు సెప్పేదాన్ని. ఇంక ఏ పిల్లనూ నేను ఇట్లా ఉరికించను."

"పోనీలేక్కా, బాగైపోయింది కదా" అన్నాడు నాయన.

అప్పుడే బయటికి వచ్చి చెప్పాల్సింది. రెండు అడుగుల దూరం. వెనక్కి తిరిగి వంటింట్లోకి వెళ్ళిపోయాను.

అత్త అన్నమాట ప్రకారమే చేసింది. ఆ తర్వాత ఆమె పిల్లలతో డ్రిల్లు చేయించింది, త్రోబాల్ ఆడించింది, జెండా పండగకు కవాతు చేయించింది. పరుగు మాత్రం ఎవరికీ నేర్పలేదు. తొమ్మిదో తరగతిలో ఒక పిల్ల ఉండేది, నాకంటే వేగం గలది. తనను కూడా తయారు చేయమని అడగడానికి మూడుసార్లు మా ఇంటికి వచ్చింది. మూడుసార్లూ అత్త "వద్దమ్మా, లేత కాళ్ళు, చెడిపోతాయి" అని పంపించేసింది. మూడోసారి ఆ పిల్ల గడప దగ్గర చెప్పులు తొడుక్కుంటూ నా వైపు చూసింది. నేను పుస్తకంలోకి చూశాను.

ఏడేళ్ళు గడిచాయి. నాకు నగరి దగ్గర ఒక బడిలో టీచరు ఉద్యోగం వచ్చింది. పాఠం చెబుతున్నంతసేపూ పక్క వీధి మగ్గాల చప్పుడు వినిపిస్తూ ఉండేది. మొదటి ఏడాది ఆటల పోటీల్లో ఓడిపోయిన ఒక పిల్ల నా దగ్గరికి వచ్చి ఏడ్చింది. "ఓడిపోతే ఏమైందే" అని మొదలుపెట్టాను. ఆ పైన ఒక్క మాట రాలేదు. ఆ ఆదివారం చిత్తూరు బస్సెక్కాను.

అత్త ఆ ఏడు జూన్‌లోనే రిటైరైంది. వసారాలో కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. మోకాళ్ళు పట్టేసి, కాళ్ళు చాపుకుని ఉంది. పక్కన కూర్చుని నేనూ కాసేపు గింజలు తీశాను. తర్వాత తల ఎత్తకుండా చెప్పేశాను. ఆమె చేతులు ఆగిపోయాయి.

"ఇంకెంత దూరముండె?" అంది.

"నలభై గజాలుంటుందత్తా."

"నీ ముందర ఎంతమంది?"

"ముగ్గురు."

"అయితే నాలుగోదానివి" అంది. మళ్ళీ ఒక గింజ తీసింది. "జిల్లా అంతట్లో నాలుగు. నేను స్టాఫ్‌రూములో అందురికీ సెప్పుకునుండేదాన్ని కదమ్మీ."

నాకు ఏడుపొచ్చింది. ఆమె నన్ను ఊరుకోబెట్టలేదు, తిట్టనూ లేదు. వీధి వైపు చూస్తూ, నన్ను కాకుండా తనను తాను అడుగుతున్నట్టు అంది. "మరి ఆ తొమ్మిదో తరగతి పిల్లను నేనెందుకు పంపించేసినాను? మూడుతూర్లు వచ్చినాది మనింటికి."

తర్వాత ఆమే లేచి, గోడ పట్టుకుని లోపలికి నడుస్తూ, "బస్సుకు టైమైతాది, రెండు ముద్దలు తినిపో" అంది.

ఆ తర్వాత ఆమె ఇంకో నాలుగేళ్ళు బతికింది. ఒక్కసారి కూడా ఆ మాట ఎత్తి నన్ను నొప్పించలేదు. కానీ ఆ పిల్ల గురించి వాకబు చేసిందని మాత్రం తెలిసింది. ఒకసారి నేను వెళ్ళినప్పుడు మజ్జిగ పోస్తూ, "ఆ పాప బెంగళూరు పక్క యాడనో ఉండాదంట. ఇద్దురు బిడ్డలంట" అని ఊరుకుంది. ఆమె పోయినప్పుడు నేను నగరి నుంచి వచ్చేసరికి అన్నీ అయిపోయాయి.

నేను ముప్పై ఏళ్ళకు పైగా పాఠాలు చెప్పాను. లెక్కల టీచరునే అయినా పరుగుపందేల రోజు గీత దగ్గర నిలబడే పని అడిగి తీసుకునేదాన్ని. మొదట వచ్చినవాళ్ళతో జనం వెళ్ళిపోయినా, చివరి పిల్ల గీత దాటేదాకా కదిలేదాన్ని కాదు. దాటిన పిల్లకు ఎన్నోదానిగా వచ్చిందో చెప్పి, ఆ అంకె తన నోటితో పలికించేదాన్ని. తొమ్మిది అని చెప్పడానికి కొందరు ఏడ్చేవాళ్ళు. ఏడ్చినా చెప్పేవాళ్ళు. ఇది చాదస్తమని తోటి టీచర్లు నవ్వుకునేవారు.

ఆ రోజు తిరుపతిలో పందెం మొత్తం మూడు నిమిషాలు కూడా పట్టలేదు. నేను ఓడిపోయానని చెప్పడానికి ఏడేళ్ళు పట్టింది. ఆ ఏడేళ్ళలో మా అత్త పరిగెత్తించకుండా వదిలేసిన ఆడపిల్లలకు ఇప్పుడు అరవై దగ్గర పడి ఉంటుంది. తమ కాళ్ళలో ఒకప్పుడు ఎంత వేగం ఉండేదో వాళ్ళకిక ఎప్పటికీ తెలియదు.