అడుగున కుళ్లుందని చెప్పిన అక్క

నా చిన్నప్పుడు మా తాతయ్య అనుమానించని మనిషి ఆర్మూరులో లేడు. తూకం వేసేవాణ్ణి అనుమానించేవాడు, పాలు పోసేవాణ్ణి అనుమానించేవాడు. అల్లుడు పండగకు ఒకరోజు ముందే వస్తే, ఎందుకొచ్చాడా అని సాయంత్రం దాకా ఆరా తీసేవాడు. ఆ గుణం నాకూ కొంత అబ్బింది.

ఒక ఏడు మా పసుపు చేనంతా దుంపకుళ్లుతో పోయింది, విత్తనానికి కూడా ఒక్క దుంప మిగల్లేదు. ఈసారి కూడా కుళ్లు విత్తనం పడితే చేను అమ్ముకోవడమే గతి అని నానమ్మ ఏడ్చేది. పక్కింటి చాచా దగ్గర విత్తనపు పసుపు ఉందని తెలిసి తాతయ్య నన్ను వెంటబెట్టుకుని వెళ్లాడు. చాచా ఊళ్లో లేడు, ఆయన కూతురుంది. ఆ అక్క హైదరాబాదులో ఇస్లాం ధర్మశాస్త్రం చదువుతూ సెలవులకు వచ్చింది. అమ్మకాల గురించి, పాలన గురించి వెనకటి పెద్దలు చెప్పినవి ఈనాటి బజారుకు ఎలా పనికొస్తాయో అందులో నేర్పుతారట. బేరానికి చదువెందుకు, మోసానికైతే కావాలి గానీ, అని తాతయ్య అప్పటికే మా ఇంట్లో తీర్పు చెప్పేశాడు.

తాతయ్య కుప్పలో చేయి పెట్టకముందే అక్క, గోడవైపు అడుగున కుళ్లు పట్టిందని చెప్పింది. తాతయ్య ముఖం చిట్లించాడు. తన సరుకును తానే ఎవరు తక్కువ చేసుకుంటారు? మమ్మల్ని భయపెట్టి పంపేసి వేల్పూరు వాళ్లకెవరికో ఎక్కువ ధరకు అమ్మాలని చూస్తోందనుకున్నాడు. నాకూ అదే తోచింది.

వెళ్లిపోదామని గడప దాకా వచ్చిన తాతయ్య వెనక్కి తిరిగి ఆమెనే అడిగాడు. చెప్పకుండా అమ్మితే, కుళ్లు బయటపడ్డాక సరుకు తిరిగి తేవచ్చా? తేవచ్చు, అది కొన్నవాడి హక్కు అంది అక్క. మరి చెప్పాక కొంటే? ఆ కుళ్లు పేరు చెప్పి తేవడం కుదరదంది.

తాతయ్య కళ్లు మెరిశాయి. దొంగ దొరికాడన్న సంతోషం అది.

"గదీ సంగతి. ముందుగాల చెప్పి చేతులు దులుపుకుంటున్నవ్ బిడ్డా."

అక్క నొచ్చుకోలేదు. "అవు తాతా, గందుకే చెప్పిన. నీకు నా మీద అనుమానం, రేపు కుళ్లిందని వాపస్ తెస్తవని నాకు నీ మీద అనుమానం. ఇద్దరికీ ఉంటదనే గా కానూన్ పెట్టిన్రు. నేను మంచిదాన్నని నమ్మకు, గోడ పక్కకు తవ్వి చూడు."

తవ్వి చూశాడు. ఆమె చెప్పిన చోటే కుళ్లు ఉంది, మిగతా కుప్పంతా గట్టిగా ఉంది. ముగ్గురం కూర్చుని మంచి దుంపలు ఏరుకున్నాం. ఆ ఏడు మా చేను నిలబడింది.

పంట మార్కెట్టుకు చేరిన రోజు తాతయ్య, వానకు తడిసి నల్లబడిన కొమ్ములను దాచకుండా కుప్ప మీదే పోశాడు. వ్యాపారి కుప్ప చుట్టూ తిరిగి, ఇందులో ఏదో మతలబు ఉందన్నట్టు చూశాడు. తాతయ్యకు ఆ చూపు బాగా తెలుసు.

"నన్ను నమ్మకు సేటూ, తవ్వి చూడు" అన్నాడు.

అనుమానం నన్ను ఈ వయసులోనూ వదల్లేదు. కాకపోతే దాన్ని ఇంటికి మోసుకొచ్చి నలుగురి చెవిన వేయను. ఎవరి మీద కలిగిందో వాళ్ల గడప దిగకముందే, వాళ్లనే అడిగేస్తాను.