ఊడని కుట్టు

మా బావ కుట్టిన సీటు కారు తుక్కయ్యాక కూడా నిగనిగలాడేది. ఇది కోత కాదు. నేను కోసిన కోతలు వేరే ఉన్నాయి, వాటి దగ్గరికీ వస్తాను.

బావ అంటే మా అక్క మొగుడు. నలభై ఏళ్లు కార్ల సీట్లు కుట్టాడు. బస్టాండు వెనక వీధిలో చిన్న షెడ్డు. కారు లోపలికి వస్తే మనిషి గోడకి అతుక్కుని నడవాలి. రెక్సిను చుట్టలు, స్పాంజి ముక్కల గుట్ట, కాలితో తొక్కే పాత మిషను. వేళ్లకి ఎప్పుడూ జిగురే. "ఆ చేతులు కడుక్కుని రండి, కంచం అంటుకుని పైకి లేస్తుంది" అనేది అక్క.

"సీటు కూర్చోడానికి కాదురా," అనేవాడు నాతో. "కూర్చోడానికి అరుగు చాలు. బండి ఆగినప్పుడు మనిషిని ఆపడానికి సీటు." బెల్టు పెట్టుకోని వాణ్ణి, వాడు ఎంతటివాడైనా సరే, కారు ఎక్కనిచ్చేవాడు కాదు.

స్పాంజి గుట్టలో ఒక రోజు కుక్కపిల్ల దొరికింది. అక్క దూదితో పాలు పట్టి పెంచింది. తెల్లగా, ఠీవిగా పెరిగాడు. దొర అని పిలిచాం. కారెక్కితే దొరకి ఒక చోటు ఉండేది కాదు. కాసేపు వెనక, కాసేపు ముందు, కాసేపు తల కిటికీ బయట, కాసేపు బావ ఒళ్లో. దొర ఎర్రలైటు చూసి మొరుగుతాడనీ, అడ్డమొచ్చిన వాళ్లకి తనే హారన్ కొడతాడనీ ఊరంతా చెప్పాను. చిన్నప్పుడు కాన్వెంటులో అబద్ధానికి ఒక దెబ్బ, దాన్ని నమ్మేలా చెప్పినందుకు రెండు దెబ్బలు పడేవి. అయినా నాకు బుద్ధి రాలేదు.

"మనుషులకి బెల్టు లేకపోతే దించేస్తారే! వాడేం పాపం చేశాడండీ?" అని అక్క పోరు పెట్టింది.

పోరు పడలేక బావ ఒక పట్టీ కుట్టాడు. పాత కార్ల సీటు బెల్టులు కోసి, రెండు మడతలు వేసి, నైలాను దారంతో నాలుగు వరసలు. ఒక చివర వెనక సీటు బకిల్లో దిగే నాలుక, రెండో చివర కొక్కెం. ఆ కొక్కెం దొర మెడపట్టీకి. కుక్కని మెడకి కాక ఇంకెక్కడ కడతారు? మాకే కాదు, వీధిలో ఒక్కరికీ ఆ అనుమానం రాలేదు.

నేను ఊరుకున్నానా? ఈ పట్టీతో చెరువులో దిగబడ్డ రోడ్డు రోలరుని లాగారని చెప్పాను. జనం నవ్వారు, నవ్వి మాకూ ఒకటి కావాలన్నారు. బావ ఐదుగురికి కుట్టిచ్చాడు.

ఆ రోజు దొరకి సూది మందు వేయించడానికి ముగ్గురం బయల్దేరాం. నేను ముందు సీట్లో, అక్క వెనక, ఆమె పక్కన పట్టీ కట్టుకుని దొర. బజారు మలుపు దాటాక ముందున్న లారీ ఉన్నపళంగా ఆగింది. బావ బ్రేకు తొక్కాడు. లారీకి బెత్తెడు దూరంలో ఆగాం. మా ముగ్గురికీ గీత పడలేదు. వెనక నుంచి చిన్న చప్పుడు, ఎండుపుల్ల విరిచినట్టు. తర్వాత అక్క, "ఏమండీ, దొర లేవట్లేదు" అంది.

పశువుల డాక్టరు బల్ల మీద పడుకోబెట్టి మెడ తడిమి చూశాడు. కొక్కెం ఇంకా తగిలించే ఉంది.

"మెడకి కట్టకూడదు," అన్నాడు మెల్లగా. "వెనక సీట్లో కూర్చోబెట్టడం మంచిదే. కానీ పట్టీ ఛాతీ చుట్టూ, ముందుకాళ్ల వెనక నుంచి రావాలి. అప్పుడు దెబ్బ ఒంటి మీద పరుచుకుంటుంది. ఇక్కడైతే మొత్తం ఒక్క మెడ మీదే."

బావ పట్టీని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఒక్క కుట్టూ ఊడలేదు," అన్నాడు. ఊడి ఉంటే ముందు సీటుకి గుద్దుకుని దొరకి కాలో పన్నో విరిగేదేమో, ప్రాణంతో మిగిలేవాడు.

మూడు రోజులు షెడ్డు తలుపు తీయలేదు. అక్క ఆయనతో మాట్లాడలేదు. కంచం పెట్టి వెళ్లిపోయేది. నాలుగో రోజు పొద్దున నేను వెళ్లేసరికి మందుల షాపు ఆయన గుమ్మంలో ఉన్నాడు. "మేస్త్రీ, మా కుక్కకీ ఆ పట్టీ ఒకటి కావాలి. మీ బావమరిది తెగ చెప్పాడు" అంటున్నాడు.

బావ ఆయన్ని పంపేసి నా వైపు తిరిగాడు.

"ఒరేయ్, మిగతా ఐదు ఎక్కడున్నాయి?"

మధ్యాహ్నానికి నలుగురి దగ్గర వెనక్కి తీసుకున్నాం. ప్రతి గుమ్మంలోనూ బావ ఒకే మాట చెప్పాడు: "నా కుట్టు వల్ల మా కుక్క చచ్చిపోయింది. అది ఇచ్చేయండి." ఒకాయన "అంత గట్టిగా కుట్టావన్నమాట" అన్నాడు. మెచ్చుకుంటున్నాననుకున్నాడు పాపం.

ఐదోది లెక్కల టీచరమ్మది. ఇంటికి తాళం. చెల్లెలి ఊరికి ఇప్పుడే కారులో బయల్దేరిందని పక్కింటావిడ చెప్పింది. ఆరు గంటల దారి. వెనక సీట్లో ఆవిడ నల్లకుక్క మిరియం.

నేను ఫోను చేశాను. కారు పక్కకి ఆపి ఎత్తింది.

"టీచరమ్మా, ఆ పట్టీ తీసేయండి. దొర చచ్చిపోయాడు. మెడ విరిగి."

నవ్వింది. "మొన్న రోడ్డు రోలరు, ఇవాళ ఇదా? మీరూ మీ కోతలూ! ఎర్రలైటు చూసి మొరిగేవాడికి చావేంటండీ? వంతెన దాటాక బంకులో ఆగి భోంచేయాలి, ఆలస్యమవుతోంది. వచ్చాక వింటాలెండి." పెట్టేసింది. మళ్లీ చేస్తే ఎత్తలేదు. నడిపేటప్పుడు ఫోను ముట్టని మనిషి.

బావ నన్ను తీసుకుని షెడ్డుకి వచ్చాడు. గోడ మేకుకి ఉన్న దొర పట్టీ, దబ్బనం, కత్తెర, దారపు ఉండ జేబులో వేసుకున్నాడు. ఆ రోజు తర్వాత స్టీరింగు పట్టుకోవడం అదే మొదలు. నేను వెనక కూర్చున్నాను. సీటు సందులో తెల్లవెంట్రుకలు నా ప్యాంటుకి అంటుకున్నాయి. దులపలేదు.

దారిలో ఎదురుగా ఏ బండి బ్రేకు లైటు వెలిగినా బావ కాలు ముందే బ్రేకు మీదికి వెళ్లేది. వంతెన మీద నీలం కారు ఒకటి రోడ్డు పక్కన అద్దాలు పగిలి ఉంది. టీచరమ్మది కూడా నీలమే. దగ్గరికి వెళ్తే వేరే ఎవరిదో.

బంకులో ఆవిడ కారు ఉంది. భోజనం చేసి, పెట్రోలు పోయించుకుని తలుపు వేయబోతోంది. వెనక సీట్లో మిరియం, మెడకి మా పట్టీ, తోక ఊపుతూ.

బావ పరుగెత్తాడు. వెనక తలుపు తీసి కొక్కెం ఊడదీశాడు. టీచరమ్మ నా ముఖం చూసింది, తర్వాత ఆయన ముఖం చూసింది. ఈసారి నవ్వలేదు.

"నిజమేనా అయితే?"

"నిజమేనమ్మా," అన్నాడు బావ.

"మరి దీన్ని ఎలా తీసుకెళ్లను మేస్త్రీ? విడిగా వదిలితే ముందుకి దూకుతుంది."

బావ బంకు గట్టు మీద కూర్చున్నాడు. ఆవిడ పట్టీ కోశాడు. ఛాతీ చుట్టూ తిప్పి, భుజాల మీదుగా వెనక్కి తెచ్చేసరికి పొడవు చాల్లేదు. జేబులోంచి దొర పట్టీ తీశాడు. కాసేపు చేతిలో పట్టుకుని, దాన్నీ కోశాడు. దబ్బనం రెండుసార్లు వేలికి గుచ్చుకుంది. నాలుగు వరసలూ వేశాడు. మిరియానికి తొడిగి, ఛాతీ దగ్గర రెండు వేళ్లు దూర్చి చూసి, వీపు మీద కొక్కెం తగిలించాడు. నా కోసం అన్నట్టు గట్టిగా లాగి చూపించాడు.

"తల బయటికి పెట్టనివ్వకండి. అద్దం సగమే దించండి," అన్నాడు.

ఇంటికి వచ్చేసరికి అక్క షెడ్డులో మేకు కింద నిలబడి ఉంది.

"వాడి పట్టీ ఏదండీ?" నాలుగు రోజుల్లో మొదటి మాట.

"పనికొచ్చిందే," అన్నాడు బావ.

అక్క ఆయన వేలి మీద రక్తం చూసింది. "ముందే పనికొచ్చి ఉంటే బాగుండేది" అని లోపలికి వెళ్లి, కంచం పెట్టి, వెళ్లిపోయింది.

బావ చేతులు కడుక్కుని కూర్చున్నాడు. నేను ఏదైనా ఒకటి చెప్పి నవ్విద్దామనుకున్నాను. మానేసి, నేనూ ఒక కంచం తెచ్చుకుని ఆయన పక్కన కూర్చున్నాను.