అందరిదన్న అరుగు
రామ్‌చందర్ ఒక్క మాట నిజం చెప్పాడు. దాంతో అరుగు పోయింది.

చార్మినార్ దాటి మొఘల్‌పురా వైపు తిరిగే గల్లీలో అతనికి పాల దుకాణం ఉంది. వయసు అరవై రెండు. తండ్రి కాలంలో వెనక దొడ్లో ఆరు బర్రెలుండేవి. ఇప్పుడు శివార్ల నుంచి క్యాన్లలో పాలొస్తాయి. దుకాణం ముందు రెండు వరసల రాతి అరుగు ఉండేది. కింది వరస కూర్చోవడానికి. పై బండ ఛాతీ ఎత్తున ఉండేది. నెత్తిన బరువున్న మనిషి ఇంకొకరి చెయ్యి అడగకుండా దానిమీదికి దించుకుని, కాసేపు ఆగి, మళ్లీ ఎత్తుకుని పోయేవాడు. ఎవరు కట్టారో ఎవరికీ తెలియదు.

దాన్ని రోజూ వాడుకునేవాడు కృష్ణయ్య. బార్కస్ నుంచి జామకాయల గంప నెత్తిన పెట్టుకుని వస్తాడు. పొద్దున పదింటికి గంప బండ మీద, తను కింది వరస మీద. రామ్‌చందర్ భార్య సుశీలమ్మ గ్లాసు మజ్జిగ ఇస్తే, అతను రెండు కాయలు పక్కన పెట్టేవాడు.

ఆ గల్లీని బండ్లు రాకుండా, నడిచేవాళ్ల కోసం బాగుచేస్తామని కిందటేడు కార్పొరేషన్ వాళ్లు సర్వేకి వచ్చారు. ట్యాబ్ పట్టుకుని వరుణ్ అనే కుర్ర ఇంజినీరు దుకాణం ముందు ఆగాడు.

"అంకుల్, ఈ అరుగు ఎవరిది?"

"గిదేం సవాల్ సార్? అందరిది."

"అంటే మీది కాదా?"

"నాదెట్లయితది? నేను పుట్టకముందు నుంచి ఉన్నది. హమాలీలు బస్తాలు దించుకుంటరు, ముసలోళ్లు కూసుంటరు. సబ్‌కా హై."

వరుణ్ రాసుకుని, సంతకం పెట్టించుకుని వెళ్లిపోయాడు. లోపల పెరుగు తోడేస్తున్న సుశీలమ్మ అంది, "అడిగింది పక్కింటి పిల్లగాడు గాదయ్యా, సర్కారు. గంత దిల్‌దార్ జవాబు ఎందుకు?"

మూడు నెలలకు అరుగు కూల్చే మిషను వచ్చింది. రామ్‌చందర్ పాల క్యాను కింద పెట్టి పరుగెత్తాడు.

"నోటీసు గిట్ల ఏం లేదా?"

సూపర్‌వైజర్ ఫోన్‌లో చూపించాడు. యజమాని అన్న చోట 'లేరు' అని ఉంది. "మీదని చెప్పుంటే నోటీసిచ్చి పదిహేను రోజులు ఆగేవాళ్లం. మీ మాట కూడా వినాలి. ఎవరిదీ కాదన్నారుగా."

"ఎవరిది కాదనలే. అందరిదన్న."

"ఫారంలో రెండిటికీ ఒకటే కాలమ్, పెద్దాయనా."

మధ్యాహ్నానికి అరుగు రాళ్లయింది. హమాలీలు ఓ చెయ్యేస్తే పై బండను మాత్రం దుకాణంలోకి లాగి గోడకు ఆనించాడు.

కొత్త వీధి చూడటానికి బాగానే ఉంది. నున్నటి గ్రానైటు, బండ్లు రాకుండా ఇనుప గుంజలు, మొదట్లో ఒక బోర్డు: 'ఈ వీధి మనందరిదీ'. అరుగున్న చోట బెంచీ వేశారు. మోకాలి ఎత్తు. ఎవరూ పడుకోకుండా మధ్యమధ్య ఇనుప కడ్డీలు. నీడ లేదు. వేసవిలో పదకొండు దాటితే ఆ గ్రానైటు మీద చెయ్యి కూడా పెట్టలేరు.

రామ్‌చందర్ నాలుగుసార్లు ఆఫీసుకు తిరిగాడు. అడిగింది ఒక్కటే: ఛాతీ ఎత్తున ఒక బండ. ప్రతిసారీ మర్యాదగా కూర్చోబెట్టి, మీ సూచన రాసుకున్నామని చెప్పి పంపారు. ఐదోసారి వెళ్లలేదు.

ఏప్రిల్‌లో ఒకరోజు కృష్ణయ్య గంపను బెంచీ మీదికి దించబోయి, అంత కిందికి వంగలేక తూలాడు. జామకాయలు గ్రానైటు మీద దొర్లిపోయాయి. చార్మినార్ చూడటానికి వచ్చినవాళ్లు ఇద్దరు ఫోటోలు తీసుకున్నారు. రామ్‌చందర్, సుశీలమ్మ ఏరి గంపలో పోశారు.

"ఇగ ఈ తొవ్వకు రానన్నా," అన్నాడు కృష్ణయ్య. "దించనీకి జాగా లేని కాడికి మోసుకొచ్చి ఏం జెయ్యాలె?"

మరునాడు రాలేదు. ఆ వారమంతా రాలేదు.

రామ్‌చందర్ ఇటుకలు తెచ్చి, దుకాణం ముందు రెండు దిమ్మెలు కట్టి, దాచిన బండను పైన ఎక్కించాడు. సిమెంటు ఆరకముందే వరుణ్ వచ్చాడు, ట్యాబ్‌తో సహా.

"ఇది ఎవరిది అంకుల్?"

"నాది."

"బాగా ఆలోచించి చెప్పండి. ఆక్రమణ కింద రాయాల్సొస్తుంది."

"నాదే. మా బాపుది. మా తాతది. రాసుకో."

"పోయినసారి అందరిదన్నారు?"

"అప్పుడు అకల్ లేకుండె సార్. ఇప్పుడు తెలివొచ్చింది."

లోపలి నుంచి సుశీలమ్మ కేకేసింది, "పేరు స్పెల్లింగ్ సరిగ రాయమను. రామ్‌చందర్ అని!"

నాలుగో రోజున నోటీసు వచ్చింది, అతని పేరు మీద. పదిహేను రోజుల్లో తొలగించాలి, అభ్యంతరముంటే ఫలానా తేదీన వచ్చి చెప్పుకోవాలి. రామ్‌చందర్ రెండుసార్లు చదువుకుని, కళ్లద్దాలు తీసి, బార్కస్‌కు ఫోన్ చేశాడు.

"కృష్ణయ్యా, రేపటి సంది రా. పదిహేను దినాల దాంక బండ పక్కా ఉంటది."