నల్ల పట్టీల మధ్య తప్పెటగుళ్ళు

ఒడిశాలోని రాయగడలో ఒక స్థానిక కేబుల్ ఛానల్ హెచ్‌డీకి మారిన ఏడాది నేను అక్కడ ప్రసార గదిలో టెక్నీషియన్‌ని. తర్వాత ఛానల్ మూతపడింది, నేనూ ఆ వృత్తి వదిలేశాను. ఆ వేసవిలో ఒక గురువారం ఉదయం ఆ గదిలో ఉన్నవి, ఉన్నవారు: ఒక వీహెచ్ఎస్ ప్లేయర్, రెండు కంప్యూటర్లు, ఒక వెడల్పు మానిటర్, ఒక పాత డబ్బా టీవీ, మా ఇన్‌చార్జి సుగుణ గారు, యజమాని, నేను, పురపాలక సంఘంలో పారిశుద్ధ్య పని చేసే పైడమ్మ.

పైడమ్మ తెచ్చిన క్యాసెట్‌లో ఆమె తండ్రి సింహాచలం జట్టు ఆడిన తప్పెటగుళ్ళు ఉంది. గుండెకు కట్టుకున్న రేకు తప్పెట వాయిస్తూ, గజ్జెల కాళ్ళతో అడుగులు వేస్తూ మగవాళ్ళు ఆడే ఆట అది. చివర్లో ఒకరి భుజాల మీద ఒకరు నిలబడి గోపురం కడతారు. సింహాచలం ఎప్పుడూ అడుగున నిలబడేవాడు. పైడమ్మ పసిపిల్లగా ఉండగానే పోయాడు. తల్లి ఉంది గానీ ఆమెకు చూపు మందగించింది, ఇల్లు కదలలేదు.

“అమ్మ ఒక్కపాలి సూత్తానంటంది మేడమ్,” అంది పైడమ్మ. ఆదివారం పాత వీడియోల కార్యక్రమంలో వేస్తామని సుగుణ గారు మాటిచ్చారు.

పాత చిత్రం నాలుగు పాళ్ళ వెడల్పు, మూడు పాళ్ళ ఎత్తు. కొత్త తెర పదహారు పాళ్ళ వెడల్పు, తొమ్మిది పాళ్ళ ఎత్తు. దాన్ని దీనిలో అమర్చడానికి మూడు దారులున్నాయి. అడ్డంగా సాగదీస్తే మనుషులు లావెక్కుతారు. జూమ్ చేస్తే తెర నిండుతుంది గానీ పైనా కిందా కలిపి ఎత్తులో పావు వంతు పోతుంది. ఉన్నదున్నట్టు మధ్యలో ఉంచితే రెండు పక్కలా నల్ల పట్టీలు మిగులుతాయి; దీన్ని పిల్లర్ బాక్స్ అంటారు. మా యజమాని ఆజ్ఞ ఒక్కటే, తెర నిండాలి. పట్టీలు కనిపిస్తే టీవీ పాడైందని జనం ఫోన్లు చేస్తారని ఆయన భయం.

ముందు సాగదీసి చూపించాను.

“ఎవులీయన?” అంది పైడమ్మ. మీ నాన్నే అన్నాను. “మా నాన్న బక్కోడంట బాబూ. ఈయన వడ్డీలకి తిరిగే సావుకారిలాగున్నాడు.” యజమాని కూడా నవ్వాడు.

తర్వాత జూమ్ చేశాను. గోపురం కట్టేసరికి పైవాడి తల, కిందివాడి పాదాలు రెండూ పోయాయి.

“గజ్జెలు ఇనపడతన్నాయి, కాళ్ళేవి? కాళ్ళు లేకపోతే ఇంక ఆటేటుంది?”

సుగుణ గారు కోస్తా నుంచి వచ్చిన ఉపాధ్యాయుల కుటుంబంలో పుట్టారు, పెద్ద టీవీ కేంద్రంలో పనిచేసి వచ్చారు. ఏ పాత టేపైనా ప్రసారానికి ముందు మొదటి నుంచి చివరిదాకా చూసి, ముఖ్యమైనది ఏ అంచుకు వస్తే మానిటర్ మీద అక్కడ చిన్న కాగితం ముక్క అంటించడం ఆవిడ పద్ధతి. ఆ రోజు నాలుగు అంచుల్లోనూ కాగితాలున్నాయి. పట్టీలు తప్పవని, అయితే అవి ఖాళీగా ఉండనక్కర్లేదని యజమానికి చెప్పారు. మామూలుగా మా తెర అడుగున పరిగెత్తే ప్రకటన ఆటగాళ్ళ పాదాలను కప్పకుండా, దాన్ని ఎడమ పట్టీలోకి మార్చారు. కుడి పట్టీలో ఒడియాలోనూ తెలుగులోనూ, ఇది పాత చిత్రం, మీ టీవీ బాగానే ఉంది అని రాయించారు. ప్రకటన కార్యక్రమం పొడవునా నిలిచి ఉంటుందని తెలిశాక యజమాని మెత్తబడ్డాడు. ఫోన్లొస్తే మాత్రం ఆవిడే ఎత్తాలన్నాడు.

పని అయిపోయిందనుకున్నాను. అప్పుడు సుగుణ గారు, “మీ ఇంట్లో ఏ టీవీ పైడమ్మా?” అని అడిగారు.

“డబ్బా టీవీయే మేడమ్.”

ఆవిడ మా ప్రసారాన్ని ఒక సెట్‌టాప్ బాక్స్ గుండా గదిలోని డబ్బా టీవీకి పంపారు. వెడల్పు చిత్రాన్ని పాత టీవీలో ఇమిడ్చేటప్పుడు బాక్స్ పైనా కిందా మరో రెండు పట్టీలు చేర్చింది. నాలుగు వైపులా నలుపు, నడుమ ఇంతేసి మనుషులు.

“అగ్గిపెట్టంతున్నారు. ఇంతేసుంటే అమ్మ కంటికి ఆనదు,” అని పైడమ్మ క్యాసెట్ అట్టపెట్టె పట్టుకుని కుర్చీలో కూలబడింది.

సుగుణ గారు బాక్స్ మెనూలోకి వెళ్ళి సెంటర్ కట్ ఎంచారు. ఆ అమరికలో బాక్స్ రెండు పక్కలూ కోసేసి మధ్య భాగాన్ని మాత్రమే టీవీకి ఇస్తుంది. మా చిత్రంలో పక్కలంటే పట్టీలే. అవి పోయాయి. గోపురం డబ్బా టీవీ నిండా నిలబడింది, పైన తలతో, కింద పాదాలతో. పిల్లర్ బాక్స్, సెంటర్ కట్ రెండూ నేను డిప్లొమాలో చదివినవే. ఒకదానితో ఒకటి ఇలా కలుస్తాయని ఆవిడ చేసి చూపించేదాకా నాకు తట్టలేదు.

ఆదివారం వాళ్ళ ఇంటికి వెళ్ళి బాక్స్ అమరిక మార్చాను. ముసలమ్మ టీవీకి బారెడు దూరంలో కూర్చుంది. గోపురం లేవగానే అద్దం మీద వేలు పెట్టింది.

“ఇదుగో, ఎడం కాలు ముందుకేసి నిలబడీవోడు. పైనోడు తూలితే ఇలాగే ఆపీవోడు.”

“సెయ్యి అడ్డం తియ్యే అమ్మా, నన్ను సూడనీ.”

“సూడు. నేను సూసిందేగా,” అని ముసలమ్మ చెయ్యి తీసేసింది.

ఆ పనిలో నేను నేర్చుకున్నది ఇది. చిత్రాన్ని తెరకు సరిపెట్టే ముందు దాని అంచుల్లో ఏముందో చూడాలి. ఆ తర్వాత, అవతలి ఇంట్లో ఏ టీవీ ఉందో అడగాలి. నల్ల పట్టీల గురించి ఆ ఆదివారం సాయంత్రం ఫోన్లు వచ్చాయి, అన్నిటికీ సుగుణ గారే బదులిచ్చారు. మొత్తం తొమ్మిది.